శరదుత్సవములు – సీమోల్లంఘనము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



ఈ సభలో దేశదేశముల శరదుత్సవములను గూర్చియు, వానిని చూడబోవు యాత్రికులను గూర్చియు ప్రసంగింపుమని కార్యవర్గమువారు నన్ను ఆదేశించిరి. ఇందులకు నాకుగల యోగ్యత స్వల్పము. వయసు వచ్చిననాటినుండి గ్రామలెక్కలు వ్రాసి బ్రతుకుచున్నవాడను. కాశికొకమారు, హంపికి రెండుమార్లు, మైసూరున కొకమారు పోతిని; అంతకుమించి దూరయాత్ర చేసి యెరుగను. తక్కిన దేశములన్నియు ఈ గ్రంథాలయపు బల్లయొద్ద కూర్చుండి చూచినవే. చూడనిదానిని చూచినట్లు చెప్పుట రాని సొమ్మును జమకట్టుటవంటిది. కావున చదివినదానిని చదివినదిగను, చూచినదానిని చూచినదిగను వేరుచేసి మనవిచేసెదను.

ఈ విషయము నేడు మనకు ముఖ్యమగుటకు ఊరిలోనే యొక కారణ మున్నది. కొన్నియేండ్ల క్రిందట విజయదశమి వారము నడుమ పడినది. పట్టణములలో కొలువులు చేయు మన బిడ్డలు రాలేకపోయిరి. జమ్మిచెట్టువద్దకు పోవు పల్లకిని మోయుటకు నలుగురు పడుచువాండ్రు దొరకక, అరువదియేండ్లు దాటిన పెద్దలు భుజము పట్టిరి. నాటినుండి "జమ్మిపూజను దగ్గరి ఆదివారమునకు మార్చిన నేమి?" అను మాట పుట్టినది. "తిథి తప్పిన పండుగ పండుగ యెట్లగును?" అని కొందరు పట్టుపట్టిరి. ఆ పట్టుపట్టినవారిలో నేనే మొదటివాడను. ఈ మాట మనకొక్కరికే పుట్టినదా, లోకమున మరెవరికైన పుట్టినదా అని వెదకుచు పోగా నా యాత్ర ఆరంభమైనది. ఆ వెదకులాటలో నా పట్టు కొంత సడలినది, కొంత బిగిసినది. అదియెట్లో విన్నవించుకొందును.

మొదట శరత్తును గూర్చి. ఆశ్వయుజ కార్తికములు శరదృతువు. మన పూర్వులకిది పండుగల ఋతువే కాదు, ప్రయాణముల ఋతువు కూడ. వర్షాకాలమున ఏరులు పొంగి త్రోవలు బురదయై ఎక్కడివా రక్కడ నిలిచిపోవలసినదే. శ్రీరాముడంతటివాడు ప్రస్రవణగిరిపై వానలు వెలియువరకు కూర్చుండెను. శరత్తు వచ్చినపిమ్మటనే సీతాన్వేషణము సాగినది. కాళిదాసు రఘువంశమున రఘువు దిగ్విజయయాత్రకు వెడలినదియు, ఏరులు కాలినడకకు లొంగి బాటలారిన శరత్తుననే. ఆదికవి నన్నయ కలము ఆరణ్యపర్వమున శరద్రాత్రుల వర్ణనమువద్ద ఆగిపోయినదని పెద్దలు చెప్పుదురు. ఆ వెన్నెలను దాటి కథను మరల నడిపించుటకు ఎఱ్ఱాప్రగడ రావలసివచ్చెను.

ఈ ఋతువున మనవారు చేయు కర్మలలో 'సీమోల్లంఘనము' అనునది ఒకటి కలదు. విజయదశమినాడు ఊరి పొలిమేర దాటి పోవుట, జమ్మిని పూజించుట, ఆకును కోసి తెచ్చి పెద్దల చేతిలో పెట్టి నమస్కరించుట. రాజులకిది దండయాత్రకు ఆరంభము. మనకు ఊరిచివరవరకు నడక. పండుగయు యాత్రయు ఒకే కర్మలో కలిసియున్న ఈ విషయమును మీరు మనసున నుంచుకొనవలెనని ప్రార్థన. మరల దానివద్దకే వచ్చెదను.

ఒక శరదుత్సవమును చూచి వ్రాసిపెట్టిన విదేశీయాత్రికుల మాటలు మనకు దక్కుట మన అదృష్టము. 1443లో హీరాతు నగరమునుండి షారూఖు సుల్తాను రాయబారియగు అబ్దుర్ రజాకు విజయనగరమునకు వచ్చి మహానవమిని చూచెను. 1520 ప్రాంతమున దొమింగో పాయిస్ అను పోర్చుగీసువాడు శ్రీకృష్ణదేవరాయల కాలమున ఆ తొమ్మిదినాళ్ల వేడుకను వర్ణించెను: గజములు, అశ్వములు, మల్లయుద్ధములు, బాణసంచ, ఆభరణముల బరువుతో నడచిన అంతఃపురస్త్రీలు, చివర సేనల పరిశీలన. కొన్నియేండ్లకు వచ్చిన ఫెర్నావ్ నూనిజ్ మరియొక సంగతి చెప్పెను: నాయంకరులు రాజునకు చెల్లింపవలసిన భూమిపన్ను ఈ తొమ్మిదినాళ్లలోనే చెల్లించెడివారట. ఈ మాట చదివిననాడు నేను పుస్తకము మూసి నవ్వుకొంటిని. పాయిస్ కన్నులకు కనబడినది బంగారము; నూనిజ్ కన్నులకు కనబడినది జమాబందీ. ఇద్దరును నిజమే చెప్పిరి. ఒకే ఉత్సవమునకు ఇద్దరు యాత్రికులు పోయిన రెండు ఉత్సవములు తెచ్చెదరు. ఈ ఇరువురి వ్రాతలను రాబర్టు స్యూయెల్ 1900లో తన గ్రంథమున ఆంగ్లములో వెలువరింపకున్న, మహానవమిదిబ్బ నేడు మనకు చెక్కడములుగల రాతితిన్నెగా మాత్రమే మిగిలియుండెడిది.

విజయనగరము పడినతరువాత ఆ ఉత్సవమును మైసూరు ప్రభువులు కైకొనిరి. రాజ ఒడయరు 1610లో శ్రీరంగపట్టణమున దసరాను నెలకొల్పెను. నేడు మైసూరున 750 కిలోల బంగారు అంబారీని మోసికొనిపోవు ఏనుగును చూచుటకు లక్షలాదిగా జనులు వత్తురు. పూర్వము అంబారీలో రాజు కూర్చుండెడివాడు. నేడు చాముండేశ్వరీదేవి ప్రతిమ కూర్చుండును. ఊరేగింపు చేరు స్థలము పేరు బన్నిమంటపము. కన్నడమున బన్ని యనగా మన జమ్మియే.

ఇచ్చట నా యపజయ మొకటి చెప్పక తప్పదు. నేను మైసూరునకు పోయినయేడు దశమి రెండుదినములకు వ్యాపించినది. నా పంచాంగము ప్రకారము పోయి దిగితిని. అచ్చటివారు ముందటిదినముననే ఉత్సవము ముగించిరి. వీధులు ఊడ్చువారు తప్ప ఎవరును లేరు. పంచాంగము చంకను పెట్టుకొని పోయి పండుగను పోగొట్టుకొన్న ఘనత నాది. తిరిగి తిరిగి రాజభవనపు ఆవరణవైపు పోతిని. అడవినుండి ఏనుగులను తెచ్చిన మావటివాండ్రు భార్యాబిడ్డలతో అచ్చటనే విడిదిచేసి వంటలు చేసికొనుచుండిరి. ఒకడు ఏనుగు పాదమును తడిగుడ్డతో తుడుచుచుండెను. పండుగ చూడబోయి పండుగ చేసినవారిని చూచితిని. ముందటిదినము పోయియున్నచో ముందువరుసవారి వీపులు మాత్రమే కనబడియుండునేమో!

తిథికిని తేదికిని గల ఈ తగవు లోకమంతటను కలదు. దీనికి మూలము లెక్కలో నున్నది. పండ్రెండు చాంద్రమాసములు కలిపిన సుమారు 354 దినములు, సౌరవత్సరమున 365. ఏటికి పదునొకండు దినముల తరుగు. అందుచేతనే విజయదశమి 2024లో అక్టోబరు 12న వచ్చి, 2025లో అక్టోబరు 2నకు వెనుకకు జరిగినది. ఈ తరుగును పూడ్చుటకు 19 సంవత్సరములలో 7 అధికమాసములు చేర్పవలయును. చేర్పనిచో ఏమగును? పండుగ ఋతువులన్నిటిని చుట్టివచ్చును. హిజరీ వత్సరము శుద్ధచాంద్రము గనుక రంజాను సుమారు 33 ఏండ్లలో అన్ని ఋతువులను చుట్టును. అది వారి ధర్మము, అందు దోషములేదు. కాని శిస్తు వసూలునకు ఆ లెక్క కుదరదు; పంట చేతికి రాకముందే గడువు వచ్చిపడును. ఆ చిక్కు విడదీయుటకే అక్బరు కాలమున ఫసలీ ఏర్పడినది. మేము దస్తరములలో వ్రాసికొను ఫసలీకి 590 కలిపిన క్రీస్తుశకము వచ్చునని చిన్నపిల్లలకు కూడ తెలియును. అది పంటకొరకు పుట్టిన లెక్క యని పెద్దలు కూడ మరచిరి.

అధికమాసమును చేర్చు జాతులలో మనతోపాటు చీనావారును, యూదులును కలరు. ఎవరి సూత్రము వారిది, కాని చంద్రుడొక్కడే. 2025 అక్టోబరు 6వ తేది రాత్రిని తలచుకొనుడు. చీనావారు ఆ యేట ఆరవనెలను అధికముచేసిరి. మనకు అధికజ్యేష్ఠము 2026లో వచ్చినది. అందుచేత సామాన్యముగా మన భాద్రపద పౌర్ణమికి వచ్చు వారి శరత్పూర్ణిమ ఆ యేడు మన ఆశ్వయుజ పౌర్ణమితో కలిసినది. ఆ రాత్రి చీనాలో చంద్రాకారపు అప్పములు పంచుకొనిరి. కొరియాలో పితృదేవతలకు నివేదనలు జరిగెను. వియత్నాములో బాలురు దీపపు బుట్టలతో వీధుల తిరిగిరి. జపానులో రెల్లుపూలవంటి సుసుకి దుబ్బులను, బియ్యపుపిండి ఉండలను చంద్రునకెదురుగా పెట్టిరి. వంగదేశమున కోజాగరీ లక్ష్మీపూజ జరిగెను. యూదులు పర్ణశాలల పండుగను ఆనాటి సూర్యాస్తమయమునుండియే ఆరంభించిరి. ఒకరితో నొకరు సంప్రదింపని ఇన్ని జాతులు ఒకే చంద్రుని క్రింద మేలుకొనియుండిరి. నేనారాత్రి మన చెరువుకట్టపైన కూర్చుంటిని. ఏ విమానమును ఎక్కకయే అంతదూరము పోయివచ్చినట్లు తోచినది.

వీనిలో రెండింటిని గూర్చి కొంచెము నిలిచి చెప్పెదను. మొదటిది కొరియావారి 'చుసొక్'. ముందునాడు, పండుగనాడు, మరునాడు కలిపి మూడుదినముల సెలవు. పండుగకు ముందే పోయి పెద్దల సమాధులపైని గడ్డిని కోసి శుభ్రముచేయుదురు. క్రొత్తబియ్యపు పిండితో అర్ధచంద్రాకారపు కుడుములుచేసి దేవదారుజాతి ఆకులపైన పరచి ఆవిరిపై ఉడికింతురు. పరదేశయాత్రికుడు ఆనాడు వారి రాజధానికి పోయినచో అంగళ్లు చాలవరకు మూసియుండును, రైళ్లు నిండియుండును. ఏలయనగా జనులందరు సొంతయూళ్లకు పోవుచుందురు. ఈ ఉత్సవమునకు అసలైన యాత్ర ఇంటికి పోవుటయే.

రెండవది యూదుల 'సుక్కోతు'. ఏడుదినములు ఇంటి ప్రక్కను కొమ్మలతో పందిరి వేసికొని అందు భుజింతురు, శక్తికలవారు నిద్రింతురు. కప్పునుండి నక్షత్రములు కనబడునట్లు ఆకులు పరచవలయునని సంప్రదాయము. ఈజిప్టు విడిచి ఎడారిలో తిరిగిన పూర్వులను తలచుటకును, పంట చేతికివచ్చిన సంతోషమునకును ఇది పండుగ. చేతులలో ఖర్జూరపు మట్టతోపాటు మాదీఫలమును పట్టుకొందురు. మన పెరళ్లలో పచ్చడికి పనికివచ్చు ఆ ఫలము అచ్చట పూజాద్రవ్యము. ఇంటిలోనివారే ఏడుదినములు బాటసారులగుట ఇందలి విశేషము. వారి చరిత్రలో మనకు పనికివచ్చు మరియొక సంగతి కలదు. పూర్వము నెలవంకను చూచిన సాక్షుల మాటపై యెరూషలేములో మాసారంభము నిర్ణయించెడివారు. వార్త దూరదేశములకు సకాలమున చేరదు గనుక అచ్చటివారు సందేహముచేత పండుగను రెండునాళ్లు చేసికొనిరి. తరువాత గణితము స్థిరపడి సందేహము తీరినను, దూరదేశములవారు నేటికిని రెండవనాటిని విడువలేదు. "పండుగ నేడా? రేపా?" అని పంచాంగకర్తలపై అలుగు మనము వారిని చూచి కొంత ఓర్పు నేర్చుకొనవచ్చును.

ఇక పండుగ తేదిని బుద్ధిపూర్వకముగా మార్చినవారి కథలు. జర్మనీలో మ్యూనికు నగరపు 'అక్టోబరు ఉత్సవము' 1810 అక్టోబరు 12న యువరాజు లుడ్విగునకు థెరేసాకు జరిగిన పెండ్లితో పుట్టినది. జనులు చూచుటకు 17న గుర్రపు పందెములు పెట్టిరి. ఆ మైదానము నేటికిని పెండ్లికూతురి పేరనే పిలువబడుచున్నది. అక్టోబరున చలి హెచ్చని తరువాతివారు ఉత్సవమును ముందుకు జరిపిరి. ఇప్పుడది సెప్టెంబరు నడుమ శనివారమున మొదలై అక్టోబరు మొదటి దినములలో ముగియును. పేరు అక్టోబరు, పెక్కుదినములు సెప్టెంబరు. పేరు నమ్మి పోయిన యాత్రికుడు ఖాళీ మైదానమును చూచును. మైసూరున నా గతియే వాని గతి! అది సంబరమునకై పుట్టినది గనుక జరిపినను దానికి లోటు రాలేదు.

అమెరికాలో లింకను 1863లో నవంబరు చివరి గురువారమును కృతజ్ఞతాదినముగా ప్రకటించెను. 1939లో రూజ్వెల్టు దానిని ఒకవారము ముందునకు తెచ్చెను. కారణము భక్తి కాదు. క్రిస్మసు బేరములకు వర్తకులకు మరికొన్ని దినములు దొరకుటకు. కొన్ని రాష్ట్రములు ఒప్పుకొనినవి, కొన్ని ఒప్పుకొనలేదు. ఒకే దేశమున రెండు పండుగలు వచ్చినవి. ఒక రాష్ట్రమున బిడ్డకు సెలవు, మరియొక రాష్ట్రమున తల్లికి సెలవు. తుదకు 1941లో శాసనముచేసి నాల్గవ గురువారమును స్థిరపరచిరి. అందరు కలిసికొనుటకై ఏర్పడిన దినమును అంగడికొరకు జరిపిన, ఆ కలియుటయే చెడినది.

జపానువారు 1873 జనవరి 1నుండి పాతపంచాంగమును విడిచి సౌరమానమును కైకొనిరి. ఆ వత్సరమున రావలసిన అధికమాసమునకు ఉద్యోగులకు పదుమూడవ జీతము ఇయ్యవలసివచ్చుటయు ఇందు కొక హేతువని చరిత్రకారులు చెప్పుదురు. లెక్కలవాడను గనుక నాకీ మాట నమ్మదగినదిగనే తోచును. ఫలితముగా పితృదేవతల పండుగను కొన్నిచోట్ల జూలైలో, పెక్కుచోట్ల ఆగస్టులో, ఒకినావాలో పాతలెక్క ప్రకారము జరుపుదురు. కాని చంద్రదర్శనోత్సవమును మాత్రము మార్చలేకపోయిరి. ప్రభుత్వము తేదిని మార్చగలదు, పౌర్ణమిని మార్చలేదుగదా! అదే జపానులో 1964 ఒలింపికు క్రీడల ఆరంభమునకు గుర్తుగా ఏర్పడిన అక్టోబరు 10నాటి సెలవును 2000నుండి రెండవ సోమవారమునకు జరిపిరి. జరుపదగిన దేదో, జరుపరాని దేదో అచ్చటి జనులు తమకు తామే తేల్చుకొనిరి.

చివరకు మెక్సికో. నవంబరు 1, 2 తేదులలో అచ్చటివారు గతించిన ఆత్మీయులను ఇంటికి పిలుతురు. సమాధులకడ క్రొవ్వొత్తులు వెలిగించి, వారికి ప్రియమైన వంటకములు పెట్టి, రాత్రి కూర్చుందురు. ఆత్మలకు త్రోవ తెలియుటకు బంతిపూవుల రేకులను దారిపొడవున చల్లుదురు. మన బతుకమ్మలో తంగేడు, గునుగులతోపాటు పేర్చు బంతిపూవు పుట్టినచో టది. సముద్రములు దాటివచ్చిన ఆ పూవు నిక్కడ గౌరమ్మకు సేవచేయుచున్నది. అక్కడ పితృదేవతలకు దీపము పట్టుచున్నది.

ఈ పండుగకు ఇటీవల ఒక విచిత్రము కలిగినది. 2015లో వెలువడిన ఆంగ్లచలనచిత్ర మొకదానిలో మెక్సికో నగరపు వీధులలో ఈ పండుగకు గొప్ప ఊరేగింపు జరిగినట్లు చూపిరి. నిజమునకు ఆ నగరమున అట్టి ఊరేగింపు లేదు. చిత్రమును చూచి యాత్రికులు వచ్చి అడుగుదురని, 2016లో నగరమువారు ఊరేగింపును నిజముగనే ఏర్పాటుచేసిరి! చూడవచ్చువానికొరకు పుట్టిన పండుగ అది. దానిని నేను దూషింపను, వేలజనులు సంతోషించుచున్నారు. కాని ఆ రాత్రియే ఏదో పల్లెలో ఒక తల్లి తన బిడ్డ సమాధివద్ద ఒక క్రొవ్వొత్తి వెలిగించి కూర్చుండును. ఊరేగింపు ఎవరైన చూచుచున్నంతకాలము నడచును. ఎవరు చూచినను చూడకున్నను ఆ క్రొవ్వొత్తి వెలుగును.

కావున శరదుత్సవములను చూడబోవు మన యువకులకు మూడు మాటలు చెప్పుదును. పోవుటకు ముందు ఆ పండుగ ఏ లెక్కపై వచ్చునో తెలిసికొనుడు. నావలె మరునాడు చేరకుడు. చేరినపిమ్మట అది సంబరమా, పూజయా, పితృకార్యమా తెలిసికొనుడు. సమాధివద్ద దుఃఖించువారి ముఖములకు ఫోనులు అడ్డుపెట్టి పటములు తీయుట అతిథిధర్మము కాదు. మూడవది, మీరు చూచివచ్చినదానిని మన ఊరికి తెచ్చి చెప్పుడు. పాయిస్, నూనిజ్ వ్రాయకున్న మన మహానవమి మనకే తెలియకపోయెడిది.

ఇక మన ఆదివారపు తగవు. ఈ చదువంతటి తరువాత నా మనవి యిది. పండుగలో రెండు భాగములు కలవు. ఒకటి కాలమునకు కట్టుబడినది, రెండవది జనులకు కట్టుబడినది. జమ్మిపూజయు పల్లకిసేవయు దశమినాడే జరుగవలయును. పదిమంది వచ్చినను సరియే. హరికథ, నాటకము, బాలురకు బహుమానములు, సంతర్పణము, ఈ గ్రంథాలయపు వార్షికసభ – ఇవి దగ్గరి ఆదివారమున జరుపుకొనవచ్చును. ఆ కార్యక్రమములు జరిగిన తిథికి భంగము లేదు. పట్టుపట్టినవారిలో మొదటివాడనగు నేనే ఈ మాట చెప్పుచున్నాను గనుక తక్కిన పెద్దలు ఆలోచింతురుగాక.

అయినను పల్లకి మోయుటకు నలుగురు కావలయునుగదా! జమ్మిచెట్టు ఆదివార మెరుగదు. కాని మోయువాడు లేక పల్లకి కదలదు. దీనికి కూడ లెక్కలోనే ఉపాయ మున్నది. కొరియావారు నెలలముందే రైలుటిక్కెట్టు కొని ఇంటికి పోవుచున్నారు. ఏలయనగా దినము వారికి ముందుగా తెలియును. మన బిడ్డలకు పండుగతేది తెలియునప్పటికి సెలవు అడుగు గడువు దాటిపోవుచున్నది. అది వారి దోషము కాదు, మన దోషము. తిథి గణితమునకు లోబడినది. ఐదేండ్లకు ముందే చెప్పవచ్చును. రాబోవు ఐదు విజయదశముల తేదులను, వారములను, పంచాంగములను సరిచూచి, రెండు మతములు గలచోట ఊరివారి నిర్ణయమును కూడ చేర్చి, ఒక పలకపై వ్రాసి ఈ గ్రంథాలయపు గోడకు తగిలించు పని నాది. దానిని పరదేశమున నున్న ప్రతి బిడ్డకు తెలియజేయు పని ప్రతి యింటివారిది. ఐదేండ్లలో ఒక్క దశమికైన రానివాడుండడని నా నమ్మకము. ప్రతియేటికి నలుగురు దొరకిన మన పల్లకికి చాలును.

సీమోల్లంఘన మనగా పొలిమేర దాటుట మాత్రమే కాదని మొదట సూచించితిని. దాటి అక్కడనే నిలిచినచో ఆ కర్మ పూర్తికాదు. ఆకు కోసికొని మరలివచ్చి, పెద్దల చేతిలో పెట్టినప్పుడే పూర్తియగును. ఈ ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము ఊరు కదలలేని నావంటివారిచేత దినమునకొక పొలిమేర దాటించినది. నేను దూరదేశములనుండి కోసితెచ్చిన ఈ నాలుగాకులను నేడు మీ చేతులలో పెట్టుచున్నాను.